‘మా భూమి’లో చంద్రి: నవల సినిమాగా మారినప్పుడు జారిపోయేది

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో కెమెరా ఉన్న ఫోన్లున్నాయి. తీజ్‌కి, జాతరకి, కాలేజీ వార్షికోత్సవానికి షార్ట్ ఫిల్మ్‌లు తీస్తున్నారు. చదివిన నవలనో, తాత చెప్పిన కథనో సినిమాగా తీయాలని చాలామందికి ఉంది. మంచి కోరికే. అయితే పుస్తకం నుంచి తెర దాకా వెళ్లే దారిలో కొన్ని గుంతలున్నాయి. అనుభవం ఉన్నవాళ్ల కాళ్లు కూడా వాటిలో పడ్డాయి. తెలంగాణ గడ్డమీద పుట్టిన ఒక గొప్ప సినిమా చరిత్రను దగ్గరగా చూస్తే ఆ గుంతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఆ సినిమా ‘మా భూమి’.

ఉర్దూ నవల, తెలంగాణ కథ

‘మా భూమి’కి ఆధారం కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల. ఆయన తెలుగువాడు కాదు. కశ్మీర్ ప్రాంతంలోని పూంచ్‌లో పెరిగి బొంబాయిలో స్థిరపడిన రచయిత. నిజాం పాలనలో దొరల మీద తిరగబడిన తెలంగాణ రైతుల పోరాటం ఆయన్ని కదిలించింది. నవలలో హీరో రాఘవరావు అనే యువరైతు. ఉరిశిక్ష పడి జైల్లో ఉంటాడు. తెల్లవారితే ఉరి. ఆ ఒక్క రాత్రి అతను తన బతుకంతా గుర్తు చేసుకుంటాడు. పుస్తకమంతా ఆ జ్ఞాపకాల మీదే నడుస్తుంది.

ఈ నవలను బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ సినిమాగా తీశారు. ఆయనకి ఇదే తొలి కథాచిత్రం. 1980లో విడుదలైంది.

మొదటి గుంత: పుస్తకాన్ని ఉన్నదున్నట్టు దించడం

పుస్తకంలో మనిషి మనసులోని మాటను నాలుగు పేజీలు రాయొచ్చు. కెమెరాకి మనసు కనపడదు. ముఖం, చేతులు, పొలం, గడీ గోడ మాత్రమే కనపడతాయి. నవలలో ఉన్నట్టే జైలుగదిలో ఒక మనిషి ఆలోచనలతో సినిమా మొత్తం నడిపి ఉంటే చూసేవాళ్లకి ఉపన్యాసం విన్నట్టుండేది. అందుకే ‘మా భూమి’ తీసినవాళ్లు ఆ పద్ధతిని పక్కన పెట్టారు. రాఘవరావు రామయ్య అయ్యాడు. ఊళ్లో వెట్టి, దొర దౌర్జన్యం, పట్నం పోయి కార్మిక సంఘం వాళ్లతో పరిచయం, తిరిగి ఊరికొచ్చి పోరాటం – ఇలా అతని బతుకు వరసగా నడుస్తుంది. సాయిచంద్ రామయ్యగా నటించాడు.

ఇంకో మంచి పని కూడా చేశారు. ఉర్దూ పుస్తకంలో లేని తెలంగాణ యాసను, పాటను సినిమాలోకి తెచ్చారు. బండి యాదగిరి రాసిన పాటను గద్దర్ తెరమీద స్వయంగా పాడాడు. పసులు కాసే పిల్లగాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట కూడా ఉంది. ఇవి పోరాటంలో పుట్టిన పాటలు. అంటే బయటి రచయిత రాసిన కథకి ఆ నేల గొంతు తోడైంది. నవలను మార్చడం తప్పు కాదని, అవసరమైన చోట మార్చకపోతేనే నష్టమని ఈ సినిమా చెబుతుంది.

రెండో గుంత: పుస్తకంలోని లోటును కూడా మోసుకురావడం

నేను అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. రామయ్య ప్రేమించిన అమ్మాయి పేరు చంద్రి. లంబాడా పిల్ల. సినిమాలో హంస ఆ పాత్ర వేసింది. బతుకుతెరువు కోసం చంద్రి దొర కోరికకి లొంగాల్సి వస్తుంది. అది తెలిసి రామయ్య గుండె పగిలి ఊరు విడిచి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి కథ రామయ్యతో పట్నం పోతుంది. అతను ఎదుగుతాడు, తిరుగుబాటు చేస్తాడు. చంద్రి మాత్రం అతను ఊరు విడవడానికి కారణంగా మిగిలిపోతుంది.

దొరలు పేద ఆడవాళ్ల మీద చేసిన అత్యాచారాలు నిజం. వాటిని ధైర్యంగా చూపించినందుకు ‘మా భూమి’ని గౌరవించాల్సిందే. నా ప్రశ్న వేరే. ఆ తర్వాత చంద్రి ఏమైంది? ఆమె తండాలో వాళ్లు ఏమనుకున్నారు? రామయ్యకి కోపం రావడం చూశాం. చంద్రికి కోపం రాలేదా? ఈ లోటు నవల నుంచే వచ్చింది. నవల కూడా రాఘవరావు బతుకే. సినిమావాళ్లు కథ చెప్పే వరసను మార్చారు, హీరో పేరు మార్చారు, భాష మార్చారు. చంద్రి స్థానాన్ని మాత్రం అలాగే ఉంచారు.

అప్పటి చరిత్రలో తండా అంత నోరులేనిదేం కాదు. లంబాడాలు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన వ్యాపారులు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బేరం పోయింది. తండాలు కట్టుకుని, అడవి కొట్టి, బీడు దున్ని సాగులోకి తెచ్చారు. చెమట వాళ్లది, పట్టా దొరది. ఈ అన్యాయం మీద తండాలు తిరగబడ్డాయి. ఇప్పటి జనగామ జిల్లాలోని ధర్మాపురం తండాకి చెందిన జాటోతు థానూనాయక్ విసునూరు దేశ్‌ముఖ్‌ను భూమి కోసం ఎదిరించి, ఆ పోరాటంలోనే ప్రాణమిచ్చాడు. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక దళాలు గోదావరి అడవుల్లోకి, నల్లమలలోకి వెళ్లాయి. అప్పుడు కోయల్ని, చెంచుల్ని గూడేల నుంచి లేపి క్యాంపుల్లో పెట్టారు. 1951లో పోరాటం విరమించేదాకా ఆ కష్టం సాగింది. రామయ్య ఊరి చుట్టూ తిరిగే కథలో ఈ అడవి ఘట్టానికి చోటు దొరకలేదు. ఒక సినిమాలో అన్నీ పట్టవు, నిజమే. అయితే చోటు చాలనప్పుడు ముందు ఎవరి భాగం కోతపడుతుందో గమనించండి. చాలాసార్లు అది మనదే అవుతుంది.

మూడో గుంత: మన వేషం, వేరొకరి ఒళ్లు

ఇది ‘మా భూమి’ ఒక్కదానిదే కాదు. సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ సినిమా ‘అరణ్యేర్ దిన్ రాత్రి’ కూడా 1970 నాటిదే, ప్రపంచమంతా మెచ్చుకున్నదే. దానికి ఆధారం సునీల్ గంగోపాధ్యాయ నవల. నవలలో నలుగురు కుర్రాళ్లు రైలు దిగి ధల్‌భూమ్‌గఢ్ అడవికి వెళతారు. సినిమాలో కారెక్కి పలామూకి వెళతారు. రైలు కారయ్యేసరికి ఆ కుర్రాళ్ల అంతస్తు కూడా మారిపోయింది. అందులో దూలి అనే సంతాల్ అమ్మాయి ఉంది. ఆ పాత్ర వేసింది సిమీ గరేవాల్. ఆమె తెల్లని ఒంటికి నల్లరంగు పూసి సంతాల్ పిల్లను చేశారు. పట్నం కుర్రాళ్లు అడవి మనుషుల్ని ఎంత చిన్నచూపు చూస్తారో రాయ్ ఆ సినిమాలో గట్టిగానే చూపించాడు. అంతటి దర్శకుడికి కూడా సంతాల్ పాత్రకి సంతాల్ అమ్మాయిని తీసుకోవాలనిపించలేదు.

దూలి కూడా ఒక పట్నం కుర్రాడి కథలో కాసేపు కనపడి పోయే మనిషే. చంద్రి, దూలి – ఒకరు తెలంగాణలో, ఒకరు ఇప్పటి జార్ఖండ్‌లో. ఇద్దరి కథలూ వేరేవాళ్ల కథ మలుపు తిరిగే చోట ఆగిపోయాయి.

మీరు తీసేటప్పుడు

మన బతుకుల మీద నవలలకి కొదవ లేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ ఉంది. కోరాపుట్ కొండల్లోని కోందుల మీద గోపీనాథ్ మహాంతి ఒడియాలో రాసిన ‘అమృత సంతానం’ ఉంది. ఇలాంటి వాటిలోంచి ఒక అధ్యాయం తీసుకుని పదిహేను నిమిషాల సినిమా చేయాలనుకుంటే రచయిత అనుమతి, లేదా హక్కులున్నవాళ్ల అనుమతి ముందు రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత పుస్తకాన్ని రెండుసార్లు చదవండి. మొదటిసారి హీరోని వెంబడించండి. రెండోసారి పుస్తకంలో తక్కువ మాటలున్న మనిషిని వెంబడించండి. ఆమె ఏ భాషలో మాట్లాడుతుంది? ఆమె గురించి పుస్తకం ఎక్కడ మాట్లాడటం మానేసింది? అక్కడికి వెళ్లి మన ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. అవ్వలు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, ఊరు పేరు రాసి దాచండి. రచయితకి అందని ముక్క మీకు అక్కడ దొరుకుతుంది.

పాత్రకి తగ్గ మనిషిని మన మధ్యలోనే వెతకండి. గోర్‌బోలీ, కోయ, గోండి, సవర – ఎవరి మాట వాళ్లనే మాట్లాడనివ్వండి, కింద తెలుగులో అక్షరాలు వేయండి. బట్టలు, పూసలు, డప్పు ఏ ఊరివో, ఏ పండుగవో కనుక్కుని వాడండి. అన్ని తెగలకీ ఒకే ఈకల టోపీ పెట్టే సినిమాలు ఇప్పటికే చాలా వచ్చాయి.

‘మా భూమి’ని తప్పకుండా చూడండి. గౌరవంతో చూడండి. చూశాక చంద్రి కథను ఆమె వైపు నుంచి రెండు పేజీలు రాయండి. రామయ్య ఊరు విడిచిన రాత్రి తండాలో ఏం జరిగిందో రాయండి. మీరు తీయబోయే మొదటి సినిమాకి అదే స్క్రిప్టు కావచ్చు.