కుంగిన కారే గెలిచింది

1981 ఏప్రిల్ 12. బ్యూనస్ ఎయిర్స్. ఆ ఏడాది ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్‌లో మూడో రేసు.

అందరికంటే ముందు వరసలో నెల్సన్ పికే నడిపే బ్రాభమ్ కారు నిలబడి ఉంది. నేలకూ కారు అడుగుకూ మధ్య 6 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలన్నది నిబంధన. కదలకుండా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. అదే కారు వేగం అందుకోగానే నేలను రాసుకుంటూ దూసుకుపోతుంది. ఇది ఎలా సాధ్యమో అర్థంకాక మిగతా జట్లు మండిపడుతున్నాయి.

ఆ ఖాళీ కోసం ఎందుకంత పోరు?

అప్పటి రేసు కార్ల అడుగుభాగాన్ని విమానం రెక్కను తిరగేసిన ఆకారంలో మలిచేవారు. కింద గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, కారు నేలకు అదుముకుపోయేది. వేగం రెట్టింపైతే ఆ అదుము నాలుగింతలవుతుంది. పక్కల నుంచి గాలి చొరబడకుండా నేలను తాకుతూ పైకీ కిందికీ జారే స్కర్టులు ఉండేవి. మలుపుల్లో వేగం హద్దు మీరుతోందని 1981 సీజన్‌కు వాటిని నిషేధించి, 6 సెంటీమీటర్ల నిబంధన పెట్టారు.

దాంతో వేగంలో కారును నేలకు దించే భారమంతా స్ప్రింగుల మీద పడింది.

చక్రం దగ్గర 10 కిలోల బరువుకు 1 మిల్లీమీటరు కుంగే స్ప్రింగు వేశామనుకుందాం. గాలి ఒక్కో చక్రం మీద 300 కిలోల భారం మోపితే కారు 30 మిల్లీమీటర్లు దిగుతుంది. రెట్టింపు గట్టి స్ప్రింగు వేస్తే 15 మాత్రమే. మెత్తటి స్ప్రింగుతో కారు బాగానే దిగుతుంది గానీ, నెమ్మది మలుపులో గాలి భారం తగ్గగానే మళ్లీ లేస్తుంది. బ్రేకు వేస్తే ముందుభాగం వాలుతుంది, మలుపులో పక్కకు ఒరుగుతుంది. గట్టి స్ప్రింగుతో కారు నిలకడగా ఉంటుంది గానీ, కావలసినంత దిగదు. గతుకు తగిలితే టైరు నేలను వదిలేస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడుగా లోటస్ అధినేత కోలిన్ చాప్‌మన్ ఒక కారులో రెండు ఛాసిస్‌లు పెట్టాడు. గాలి భారం మోయడానికి బయటిది, డ్రైవర్‌ను మెత్తగా మోయడానికి లోపలిది. ఆ లోటస్ 88ను అధికారులు అడ్డుకున్నారు.

బ్రాభమ్ డిజైనర్ గార్డన్ ముర్రే దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టినవాడు. అప్పటికి అతని వయసు 34. కారును దించే పని గాలి చేతే చేయించాడు. ఆగి ఉన్న కారును పీడనంలో ఉన్న గాలీ, ద్రవమూ కలిసి ఎత్తిపడతాయి. వేగం పెరిగి భారం పడగానే ద్రవం ఒక చిన్న రంధ్రం గుండా వేరే గదిలోకి వెళ్లిపోతుంది. కారు కుంగుతుంది. నెమ్మది మలుపులో భారం తగ్గినా, సన్నటి సూది ఉన్న సిరంజిలోకి మందు ఎక్కినట్టు ఆ ద్రవం మెల్లగానే వెనక్కి వస్తుంది. అది వచ్చేలోపే మలుపు దాటిపోతుంది. రేసయ్యాక డ్రైవర్ నిదానంగా తిరిగొచ్చే ల్యాపులో మాత్రం కారు మళ్లీ తన ఎత్తుకు లేస్తుంది.

ఇది నిబంధనను దాటవేయడమేనని ప్రత్యర్థులు ఫిర్యాదు చేశారు. బ్రేకు వేస్తే, మలుపు తిరిగితే ఏ కారైనా కుంగుతుందనీ, తన కారులో డ్రైవర్ కదిపే మీట ఏదీ లేదనీ ముర్రే వాదించాడు.

రేసు మొదలైంది. మొదటి ల్యాపు నుంచే పికే ముందున్నాడు. అతని సహచరుడు హెక్టర్ రెబాకే సాధారణంగా ముందు వరసల్లో కనిపించేవాడు కాదు. ఆ రోజు ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండో స్థానానికి వచ్చాడు. గొప్పతనం కారులో ఎంత ఉందో చూసేవాళ్లకు అప్పుడు తెలిసింది. కానీ రెబాకే కారు డిస్ట్రిబ్యూటర్ పాడై మధ్యలో ఆగిపోయింది. పికే మాత్రం సొంతగడ్డ మీద పోటీపడుతున్న కార్లోస్ రాయిటమన్ కంటే 26 సెకన్లకు పైగా ముందు గెలిచాడు.

ఆ సీజన్ చివర పికేకు 50 పాయింట్లు, రాయిటమన్‌కు 49. ప్రపంచ టైటిల్ ఒక్క పాయింటుతో తేలింది.

కథలో చేదు భాగం ఆ తర్వాతిదే. మిగతా జట్లు డ్రైవర్ మీట నొక్కితే కారు దిగే ఏర్పాట్లు చేసుకున్నాయి. దిగిన కారు కదలకూడదు కనుక స్ప్రింగులను రాయిలా బిగించేశారు. స్ప్రింగు తీసుకోవలసిన దెబ్బ డ్రైవర్ వెన్నెముక తీసుకుంది. కళ్లు మసకబారేంత కుదుపుల్లో వాళ్లు ల్యాపుల మీద ల్యాపులు నడిపారు. చివరకు 1983లో కారు అడుగు చదునుగా ఉండాలన్న నిబంధన వచ్చాకే ఆ పిచ్చి పరుగు సద్దుమణిగింది.

ట్రాక్ మీదికి కారు తీసుకెళ్లేవాళ్లు ఈనాటికీ తొందరపడి గట్టి స్ప్రింగులు కొంటారు. గట్టిదనం వేగానికి కొలత కాదు. ఎంత భారం పడుతుంది, ఎంత మేర కుంగడానికి చోటుంది, కింద నేల ఎలాంటిది అన్నవి ముందు తేల్చుకోవాలి. స్ప్రింగు మోయని భారాన్ని టైరో, మనిషి వెన్నెముకో మోయక తప్పదు.