జొన్న బెండు ప్రభ

నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో శివరాత్రి అంటే ఉపవాసం, జాగారం తర్వాతి మాట. ముందు మాట ప్రభ. కావూరు, మద్దిరాల, యడవల్లి, పురుషోత్తమపట్నం పేర్లు ప్రభతో కలిపే చెప్పుకుంటారు. బాదులు నిలబెట్టి, వెదురు బద్దలు వంచి, మోకులతో బిగించి, 80 అడుగులు దాటే ఎత్తు కూడా కడతారు. ముఖానికి రంగులు, బల్బులు, నడుమ దేవుడి పటం. దాన్ని కోటప్పకొండ కిందికి నడిపించుకుపోతుంటే దారిలో కరెంటు తీగలు ఆపి, విప్పి, ప్రభ దాటాక మళ్లీ కలుపుతారు. ఆ కొండ మీది త్రికోటేశ్వరుడు, అదే మా కోటయ్య మీద భక్తి ఎంతుందో ఊరి పరువు మీద పట్టుదలా అంతే ఉంటుంది.

నేను శావల్యాపురంలో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతాను. మాకు కొండ తూర్పు దిక్కు. శివరాత్రి ముందు రెండు వారాలు మా తరగతిలో సాయంత్రం పీరియడ్లన్నీ ప్రభకే. ఈ ఆచారం గతాన్ని నల్లబల్ల మీద రాసి చెబితే పిల్లలకు ఎక్కదు. కట్టిస్తే ఎక్కుతుంది. ఇది నా గట్టి నమ్మకం.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఎండిన జొన్న దంట్లు, చీపురు పుల్లలు, పురికొస, రంగు కాగితాలు, ఇంట్లో ఉడికించి తెచ్చిన మైదా జిగురు. జొన్న దంటు పై పెచ్చు ఒలిస్తే లోపల తెల్లటి బెండు వస్తుంది. పూర్వం ఈ బెండుతోనే పిల్లలు బండి, ఎడ్లు చేసుకుని ఆడుకునేవాళ్లు. బెండు ముక్కల్లో పుల్లలు గుచ్చితే చట్రం నిలబడుతుంది. పెచ్చును నెమ్మదిగా వంచితే పైన విల్లు వంపు వస్తుంది. కాగితం అంటించేదాకా పిల్లలకు అంతా సులువే. అంటించాక అసలు కష్టం మొదలవుతుంది. మూరెడు ప్రభ ముందుకు తూలుతుంది. ఫ్యాను గాలికే ఒరుగుతుంది. అప్పుడు నాలుగు మూలలా పురికొసలు కట్టి, నలుగురి చేతికిచ్చి నడవమంటాను. ఒకడు గట్టిగా లాగితే అటే పడుతుంది. వదులుగా పట్టుకుంటే రెండోవైపు పడుతుంది. రెండు వరండాలు తిరిగేసరికి నలుగురికీ ఒకే అడుగు అలవాటవుతుంది.

"అందుకే టీచర్, పెద్ద ప్రభకి అంతమంది మోకులు పట్టుకునేది?" అని మూడో తరగతి పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న తర్వాత నేను చెప్పేది చరిత్రే అయినా వాడికి అది మోకు సంగతిగానే వినిపిస్తుంది.

ఆ మోకు పట్టుకునే వెనక్కి పోతాం. ఇప్పుడు ప్రభను ట్రాక్టరు లాగుతుంది. అంతకుముందు ఎడ్లు లాగేవి. ఎన్ని జతలు కట్టేవారు, బెదిరితే ఎలా నిలిపేవారు, వాగు దగ్గర ఎవరు ముందు దిగేవారు, ఇవన్నీ ఇంట్లో అడిగి రాసుకురమ్మంటాను. ఒక ఐదో తరగతి అమ్మాయి వాళ్ల తాతయ్యనే బడికి తీసుకొచ్చింది. ఆయన అరుగు మీద కూర్చుని, "అమ్మాయ్, మా చిన్నప్పుడు ఈ బల్బులెక్కడివి? పెట్రోమాక్స్ లైట్లు కట్టేవాళ్లం. మధ్యలో ఆరిపోతే గాలి కొట్టడానికి ఒక మనిషి పైకెక్కేవాడు" అన్నారు. పిల్లలు పెట్రోమాక్స్ చూడలేదు. ఆయనే సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ వేసి, మాంటిల్ ఎక్కడుండేదో, పంపు ఎక్కడ కొట్టేవారో చూపించారు. ఆ ఏడాది పిల్లల ప్రభల మీద బల్బులకు బదులు అందరూ పెట్రోమాక్స్ లైట్లే గీశారు.

ఎడ్ల మాట వచ్చినప్పుడు 1909 నాటి సంగతి కూడా చెబుతాను. ఆ శివరాత్రి కోటప్పకొండ తిరునాళ్లలో చిన్నపరెడ్డి అనే ఆయన ఎడ్లు జనంలో బెదిరాయి. పోలీసులు కాల్పులు జరిపారు. జనం తిరగబడి ఠాణాకు నిప్పుపెట్టారు. తర్వాత కేసు నడిచి చిన్నపరెడ్డికి ఉరిశిక్ష పడింది. ఆయన మీద పుట్టిన పాట జనం నోట నిలిచిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంత బరువైన సంగతి ఎందుకని నన్ను అడిగినవాళ్లున్నారు. దీపాలూ రంగులే చూపించి, ఆ దారిలో కారిన నెత్తురు చెప్పకపోతే పిల్లలకు తమ ఊరి గురించి సగమే చెప్పినట్టు. కాల్పుల వర్ణన వదిలేస్తాను. తిరునాళ్లలో ఒక సర్కారు జనాన్ని ఎలా చూసిందో, జనం ఎలా తిరగబడ్డారో మాత్రం దాచను.

మా ప్రభల్లాంటి చేతిపని ఒకటి దూరదేశం నుంచీ మా తరగతికి చేరింది. మా బంధువుల అమ్మాయి కుటుంబం అమెరికాలో టెక్సాస్‌లో ఉంటుంది. వాళ్ల చిన్నపాప బడిలో చేసిన పని ఫొటో పంపారు. పలచని రంగు కాగితాన్ని మడతలు పెట్టి, కత్తిరించి, విప్పి, దారానికి వరసగా అంటించిన తోరణం. మెక్సికోలో దాన్ని పపేల్ పికాడో అంటారు. అమెరికాలో 1968లో వారంగా మొదలై, 1988 చట్టంతో నెలగా మారిన హిస్పానిక్ వారసత్వ ఉత్సవం ఒకటుంది. ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా. ఆ రోజుల్లో చాలా బడుల్లో పిల్లలచేత ఇవి చేయిస్తారు. మెక్సికోలో ప్యూబ్లా రాష్ట్రంలోని సాన్ సాల్వదోర్ ఉయిష్కొలోట్ల ఈ కాగితపు పనికి పేరుమోసిన ఊరు. అక్కడి పనివాళ్లు కత్తెర పట్టరు. కాగితాలు దొంతరగా పేర్చి, ఉలితో, సుత్తితో ఒక్క దెబ్బకు అన్నిట్లోనూ పువ్వు దించుతారు. మనీలా నుంచి మెక్సికో తీరానికి 1565 మొదలు 1815 దాకా నడిచిన ఓడల వ్యాపారంలో ఆసియా సరుకుతోపాటు పలచని కాగితమూ అక్కడికి చేరిందంటారు. దాని పేరే వాళ్ల భాషలో చైనా కాగితం.

నేను ఆ ఫొటో మా పిల్లలకు చూపించాను. వాళ్లు ముందు అడిగింది, "ఇది వాళ్ల తిరునాళ్లకా టీచర్?" అని. అవును, వాళ్ల పండగలకూ, చనిపోయిన పెద్దల్ని తలచుకునే రోజుకూ కడతారని చెప్పాను. మరుసటి రోజు మా ప్రభల ముఖాల మీద కూడా అలాంటి కత్తిరింపులు వెలిశాయి. ఒక పిల్ల త్రికోటేశ్వరుడి మూడు శిఖరాలను మడత కాగితంలో తెప్పించింది. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనబడతాయని మా వైపు చెప్పుకునే కొండ అది.

చేతిపనితో చదువు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు గారు, మరికొందరు పెద్దలు పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువు పక్కనే చిత్రలేఖనం, చేతివృత్తులు నేర్పారు. ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ చిత్రకళ చెప్పారు. తర్వాత అడివి బాపిరాజు గారు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. బేసిక్ బడుల్లో పిల్లలు తకిలీ పట్టి నూలు వడికారు. ఆ తర్వాత బొమ్మలు, చేతిపని పీరియడ్లు లెక్కల పరీక్షకు పోయాయి. 2020 జాతీయ విద్యావిధానం కళతో కలిపి పాఠం చెప్పమంటోంది. సంతోషమే. కానీ ఆ మాట అమలయ్యేది మన ఊరి ఆచారం దగ్గరే. ఏ ఊరి పిల్లలకైనా సరిపోయే అట్టముక్కల నమూనా తెచ్చి అంటించడం నాకు సమ్మతం కాదు. కోనసీమలో జగ్గన్నతోటకు కనుమనాడు ప్రభల్ని భుజాల మీద మోసుకొస్తారు, కౌశిక కాలువలో దిగి మరీ తెస్తారు. అక్కడి టీచరు ఆ భుజం సంగతి చెప్పాలి. మా ప్రభ బండి మీద నడుస్తుంది కాబట్టి నేను చక్రం సంగతి చెప్పాలి.

ఇందులో నేను అన్నిటికంటే పట్టుబట్టేది ఒకటుంది. ప్రభ కట్టినవాళ్లందరూ పిల్లల నోటుబుక్కులోకి రావాలి. మొదటి ఏడాది పిల్లలు ఇంట్లో అడిగి రాసుకొచ్చిన కాగితాల్లో ఖర్చు పెట్టినవాళ్ల పేర్లే ఉన్నాయి. బద్దలు చీల్చిందెవరు, బండి బాగుచేసిందెవరు, రాత్రంతా ముందు నడిచి డప్పు కొట్టిందెవరు అని మళ్లీ పంపాను. అప్పుడు మేదర వాళ్లు వచ్చారు, వడ్రంగులు వచ్చారు, మాదిగపల్లె డప్పు వాయిద్యకారులు వచ్చారు. డప్పు కొట్టే ఇంటి పిల్లవాడు మా తరగతిలోనే ఉన్నాడు. ప్రభ నడిచేటప్పుడు ఒక దరువు, ఆగేటప్పుడు మరొకటి అని బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు. మోకులు పట్టుకున్న పిల్లలు ఆ దరువుకే అడుగు వేయడం నేర్చుకున్నారు. ఆ రోజు నుంచి మా వరండా ఊరేగింపులో ముందు వాడే నడుస్తున్నాడు.

ఆడవాళ్ల సంగతి ఆ నోటుబుక్కుల్లో ఇంకా పలచగానే ఉంది. ప్రభ బయల్దేరే ముందు వారు పోసే నీళ్లు, కొట్టే కొబ్బరికాయలు, రాత్రి కొండ కింద దిగినవాళ్లందరికీ కట్టి పంపిన అన్నం మూటలు ఎవరూ రాసుకురాలేదు. ఈసారి ప్రశ్నలు నాయనమ్మలకూ అమ్మమ్మలకూ పంపుతున్నాను. ఎడ్ల ప్రభల వెంట నడిచినవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు, వయసు మీదపడింది. బెండు ఒలవడం మొదలుపెట్టేలోపే పిల్లల్ని వాళ్ల అరుగుల మీదికి పంపాలి.