రాగి మీద అచ్చు

విశాఖపట్నం చరిత్ర అనగానే పెద్ద పనులే గుర్తుకు వస్తాయి. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1948లో 'జలఉష'ను నీళ్ళలోకి దింపిన నౌకా నిర్మాణశాల, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం. ఇటువంటి ఊళ్ళో, అరచేతిలో ఇమిడే రాగిపూత పలక మీద ఇంట్లోనే సర్క్యూట్ తయారుచేసుకునే విద్య ఎవరి లెక్కలోకీ రాదు. కానీ ఇంజనీరింగు విద్యార్థి ఇస్త్రీపెట్టెతో చేసే ఆ పని వెనుక, లోకం చాలాకాలం కాదన్న ఇద్దరు మనుషుల కథ ఉంది.

మొదటివాడు పాల్ ఐస్లర్. వియన్నాలో పుట్టిన యూదు ఇంజనీరు, ముద్రణ రంగంతో పరిచయం ఉన్నవాడు. 1936లో లండన్ చేరాడు. ఆనాటి రేడియో లోపల అంతా తీగల చిక్కే, ప్రతి అతుకూ చేతితో వేయవలసిందే. తీగలను అతకడం దేనికి, పుస్తకంలో పుటలాగా అచ్చువేయవచ్చు కదా అన్నది అతని ఆలోచన. రాగి రేకులో అక్కరలేనిది కరిగించేసి, కావలసిన దారులు మాత్రమే మిగల్చాలి. ఇటువంటి ఆలోచన అంతకు ముందు మరికొందరికీ వచ్చింది గానీ, ఐస్లర్ రేడియో చేసి చూపించాడు. అయినా చేతిపని చేసే ఆడపిల్లల కూలి ఇంతకన్నా చవక అని ఒక కంపెనీ వద్దంది. యుద్ధకాలంలో శత్రుదేశీయుడని కొంతకాలం నిర్బంధించారు కూడా. 1943లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

రెండవవాడు చెస్టర్ కార్ల్‌సన్. న్యూయార్కులో పేటెంటు కాగితాల నకళ్ళు తీసి విసిగినవాడు. 1938 అక్టోబరు 22న గంధకం పూసిన జింకు పలక మీద, పొడితో, మొదటి నకలు తీశాడు. ఇరవైకి పైగా కంపెనీలు తలుపు వేశాయి. చివరకు 1959లో ఆ పద్ధతితో జిరాక్స్ 914 యంత్రం వచ్చి, 'జిరాక్స్' అన్న మాట మన వీధుల్లో సామాన్య నామమైపోయింది. ఈ యంత్రాల్లోని నల్లటి పొడే టోనర్. అది సిరా కాదు, వేడికి కరిగి అంటుకునే ప్లాస్టిక్. లేజర్ ప్రింటర్లోనూ అదే.

ఈ ఇద్దరి పనీ మన ఇళ్ళలో కలిసింది. సర్క్యూట్ బొమ్మను అద్దంలో ప్రతిబింబంలా నునుపైన కాగితం మీద లేజర్ ప్రింటరుతో తీసి, తోమి శుభ్రం చేసిన రాగి మీద బోర్లించి, ఇస్త్రీపెట్టెతో అదుముతారు. టోనర్ రాగిని పట్టుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి కాగితం ఊడదీసి, పలకను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో వేస్తే, టోనర్ కప్పని రాగి అంతా కరిగిపోతుంది. కలంకారీలో నీలం అంటకూడని చోట మైనం పూయడం మనకు తెలిసిందే. సూత్రం అదే, రంగుకు బదులు ఆమ్లగుణమున్న ద్రావణం.

అంతకు ముందు ఔత్సాహికులు ఎనామిల్ రంగుతో, సన్నని కుంచెతో గీతలు గీసేవారు. చెయ్యి వణికితే రెండు గీతలు కలిసిపోయేవి. ఇప్పుడు చైనా కర్మాగారాలకు ఫైలు పంపితే చక్కని పలకలే ఇంటికి వస్తాయి. అయినా ఇంటి పద్ధతికి ఒక విలువ మిగిలింది. ఉదయం వచ్చిన ఆలోచన తప్పో ఒప్పో సాయంత్రానికే తేలిపోతుంది.

దీని ఖరీదు మాత్రం రూపాయల్లో లేదు. వాడేసిన ద్రావణం నిండా రాగి ఉంటుంది. మన ఊళ్ళో గెడ్డలు చివరకు సముద్రంలోనే కలుస్తాయి. ఓడల అడుగున నత్తలూ గవ్వలూ పట్టకుండా పూసే రంగుల్లో రాగిని కలిపేది, అది సముద్రజీవులకు విషం కనుకనే. కాబట్టి ఆ ద్రావణాన్ని తూములో పోయకూడదు. ఇనుప రజను వేస్తే కరిగిన రాగి చాలావరకు వేరుపడి అడుక్కు చేరుతుంది. మిగిలిన దాన్ని చాకలి సోడాతో విరిచి, సీసాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. ఉక్కునగరంలో ఇనుప రజనుకు కొదవ లేదు. అంతపాటి ఓపిక కూడా ఈ విద్యలో భాగమేనని నా అభిప్రాయం.