తెల్ల మచ్చల గోల

మా ఫ్రెండొకడు తలనొప్పి తగ్గట్లేదని ఎమ్మారై తీయించుకున్నాడు. తెల్ల మచ్చలున్నాయి, మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు అని రిపోర్టు. డాక్టర్ని కలవడానికింకా వారం ఉంది, ఈలోపు గూగుల్ చదివి వీల్ చెయిర్ దాకా వెళ్ళిపోయాడు పాపం.

వాడికోసం కాస్త తవ్వాను. 1868లో పారిస్ సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో ఈ జబ్బుని వివరంగా వర్ణించే నాటికి, మచ్చలు చూడాలంటే రోగి పోయాక మెదడు కోయాల్సిందే. తర్వాత వందేళ్ళూ ప్రధానంగా లక్షణాలే ఆధారం: ఓసారి చూపు మసకబారడం, కొన్నాళ్ళకి కాలు తిమ్మిరెక్కడం. 1981లో లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రి వాళ్ళు 10 మందికి ఎమ్మారై తీశారు. సీటీ స్కాన్లో 19 మచ్చలు కనబడితే, ఇందులో అదనంగా ఇంకో 112!

అసలు చిక్కు అక్కడే మొదలైంది. మైగ్రేనున్నా, బీపీ ఉన్నా, వయసు పైబడ్డా తెల్ల మచ్చలొస్తాయి. (లాగ్ ఫైల్లో ప్రతి వార్నింగూ బగ్గేనా?) అందుకే 2001లో ఇయాన్ మెక్‌డోనాల్డ్ బృందం రూల్సు రాసింది: మచ్చలు ఒకటికి మించిన చోట్ల ఉండాలి, వేర్వేరు సమయాల్లో వచ్చుండాలి, వేరే కారణం లేదని తేల్చుకోవాలి. 2024 సవరణలో ఆ 'వేర్వేరు సమయాలు' తప్పనిసరి కాదన్నారు. మచ్చ మధ్యలో సన్నటి సిర కనబడటాన్ని కూడా ఆధారాల్లో చేర్చారు. వేరే కారణాలు వెతకడం మాత్రం అలాగే ఉంది.

ఇదంతా చెప్తే మావాడు డాక్టర్ని అడగాల్సినవి మార్చి రాసుకున్నాడు. మచ్చలెన్ని అని కాదు, ఎక్కడెక్కడ అని. శుక్రవారం తోడుగా నేనూ వెళ్తున్నా.