బెర్లింకా – ఒక రహదారి కథ

పొలం తగాదాలు చూసిన వారికి ఒక సంగతి తెలుసు. "మీ చేలోంచి నడవనివ్వండి" అని అడగడం వేరు. "మీ చేని మధ్య బాట నాది" అనడం వేరు. ఇరవయ్యో శతాబ్దపు ఘోర యుద్ధానికి ముందు జరిగిన వాదులాటలో ఈ తేడాయే కీలకమైంది.

1919 నాటి వెర్సాయ్ సంధి పోలండుకు సముద్రానికి దారి ఇచ్చింది. దానితో జర్మనీలోని తూర్పు ప్రష్యా విడిగా మిగిలిపోయింది. 1930లలో జర్మనీ బెర్లిన్ నుంచి తూర్పు ప్రష్యా ముఖ్యనగరం కోనిగ్స్‌బర్గుకు మోటారు రహదారి తలపెట్టింది. పోలండు ప్రజలు దీనినే 'బెర్లింకా' అంటారు. 1936లో బెర్లిన్–స్టెట్టిన్ భాగం, తరువాత తూర్పు కొసన ఎల్బింగ్ వైపు కొంత భాగం తయారయ్యాయి. నడుమ పోలండు నేల అడ్డం నిలిచింది.

1938 అక్టోబరు 24న జర్మనీ విదేశాంగమంత్రి రిబ్బెన్‌ట్రాప్ పోలండు రాయబారి లిప్‌స్కీ ముందు కోరికలు పెట్టాడు. డాన్జిగ్ నగరం జర్మనీలో చేరాలి. పోలండు భూమి మీదుగా ఒక రహదారి, ఒక రైలుమార్గం కావాలి. వాటిపై పోలండు చట్టం చెల్లకూడదు. ప్రయాణాన్ని సులభం చేయడానికి పోలండు సిద్ధపడింది కాని, నేలపై హక్కు వదులుకోవడానికి ఒప్పుకోలేదు. 1939 ఏప్రిల్ 28న హిట్లర్ 1934 నాటి పరస్పర దురాక్రమణ నిషేధ ఒప్పందాన్ని రద్దుచేశాడు. మే 23న సేనానులతో, అసలు లక్ష్యం డాన్జిగ్ కాదని, తూర్పున భూవిస్తరణ అని చెప్పాడు. సెప్టెంబరు 1న దండెత్తాడు. రోడ్డు ఒక సాకు మాత్రమే.

యుద్ధానంతరం స్టెట్టిన్ పోలండులో ష్చెచిన్ అయింది. కోనిగ్స్‌బర్గ్ సోవియట్ల వశమై, 1946లో కాలినిన్‌గ్రాడ్ అయింది. జర్మన్ జనాభా తరలిపోయింది. రోడ్డు మాత్రం కదలలేదు. నేడు బెర్లిన్ నుంచి ష్చెచిన్‌కు వెళ్ళే దారి జర్మనీలో ఎ11, పోలండులో ఎ6.

2007 డిసెంబరు 21న పోలండు షెంగెన్ కూటమిలో చేరగా ఈ సరిహద్దులో తనిఖీలు తొలగాయి. 2010లో తూర్పు కొసన కాలినిన్‌గ్రాడ్ వైపు కొత్త సరిహద్దు ద్వారం తెరిచారు. అంతా చక్కబడిందనిపించింది. కాని 2022లో పోలండు కాలినిన్‌గ్రాడ్ సరిహద్దు వెంట ముళ్ళకంచె మొదలుపెట్టింది. 2023లో జర్మనీ, 2025లో పోలండు తమ ఉమ్మడి సరిహద్దులోనూ తనిఖీలు తిరిగి పెట్టాయి.

రోడ్డు వేయడానికి కాంక్రీటు చాలు. దానిని తెరిచి ఉంచడానికి ఇరుగుపొరుగుల నమ్మకం కావాలి. అది ఏటేటా మళ్ళీ వేసుకోవలసిన దారి.