కుట్ర ఎవరిది? పల్నాటి వీరగాథలో మంత్రాంగమూ మతావేశమూ

బోరబండ నుంచి హైటెక్ సిటీకి ఎం.ఎం.టి.ఎస్. రైలులో ఒక్క స్టేషను దూరం. ఆ దారిన రోజూ ఉద్యోగానికి వెళ్లే పూర్వవిద్యార్థి ఒకరు ఈమధ్య కలిసినప్పుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల ప్రస్తావన వచ్చింది. 1996లో ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’తో మొదలైన ఆ నవలామాలకు ఇంగ్లండులో జరిగిన గులాబీ యుద్ధాలు ఒక ప్రేరణ. రాజ్యక్షేమం పేరిట రాజులనే మార్చజూసే వేరిస్, అగ్నిదేవుడి పేరిట మనుషులను ఆహుతి చేసే మెలిసాండ్రే వంటి పాత్రలను అతడు ఎంతో ఇష్టంగా వివరించి, చివరికి ఇలా అన్నాడు: “మన కథల్లో ఇలాంటివాళ్లు లేరు కదా సార్. మంచివాడు మంచివాడే, మాంత్రికుడు మాంత్రికుడే.”

ఆ మాటకు అక్కడికక్కడే బదులు చెప్పలేకపోయాను. అతడి దృష్టిలో ఉన్నవి జానపద చలనచిత్రాలు. 1951 నాటి ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుడు ఎంత ఆకర్షణీయుడైనా అతడి పక్షాన న్యాయం ఉందేమోనన్న శంక ప్రేక్షకుడికి కలగదు. అయితే ఆ చిత్రాలకు అనేక శతాబ్దాల ముందే, కుట్ర పన్నేవారినీ విశ్వాసావేశపరులనూ ఎదురెదురుగా నిలిపి, తప్పు ఎవరిదో తేలనీయని కథ ఒకటి తెలుగువారికి ఉంది. అది పల్నాటి వీరగాథ. ఇందులోని నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు అనే రెండు పాత్రలకు వేర్వేరు కాలాల కథనాలు దోషాన్ని ఏ విధంగా పంచిపెట్టాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పల్నాటి యుద్ధం 12వ శతాబ్ది చివరి పాదంలో జరిగిందని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. దానిని ద్విపదగా రచించినట్లు ప్రసిద్ధి పొందిన శ్రీనాథుడు 14, 15 శతాబ్దాలవాడు. నడుమ రెండు వందల ఏళ్లకు పైబడిన ఎడం ఉంది. ఆ ఎడమంతా పాట నిండిన కాలమని చెప్పడానికి ‘క్రీడాభిరామం’ సాక్ష్యం చాలు. ఓరుగల్లు వీథులలో పల్నాటి వీరుల కథను ఒక స్త్రీ గానం చేయడాన్ని ఆ వీథినాటకం వర్ణించింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ద్విపద కావ్యాన్ని పరిష్కరించి ముద్రించిన తరువాతనే ఈ కథ పండిత చర్చలోకి గట్టిగా ప్రవేశించింది. శ్రీనాథకర్తృత్వంపై వాదోపవాదాలు ఉన్నాయి. అవి ప్రస్తుతాంశానికి అవసరం లేదు. ముద్రణకు వెలుపల మౌఖిక గాథ తన దారిన తాను నడుస్తూనే ఉంది. అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని ఆధారం చేసుకొని జీన్ రోగేర్ చేసిన ఆంగ్లానువాదమూ అధ్యయనమూ 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడ్డాయి.

కథాసంగ్రహం ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు గనుక వాదానికి కావలసిన ఘట్టాలను మాత్రమే స్మరిస్తాను. అనుగురాజుకు వేర్వేరు భార్యలవల్ల కలిగిన సంతానం నడుమ రాజ్యం చీలింది. గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవాదులది. మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు, నలగాముడి పక్షాన నాగమ్మ. కోడిపోరులో ఓడిన మలిదేవుల పక్షం పందెం ప్రకారం ఏడేళ్లు నాడు విడిచింది. గడువు తీరాక రాయబారిగా వచ్చిన అలరాజు, నలగాముడికి స్వయానా అల్లుడై ఉండి కూడా, చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలి అయ్యాడు. తరువాత కారెంపూడిలో, నాగులేటి ఒడ్డున, ఉభయపక్షాల వీరులూ రాలిపోయారు.

ఈ క్రమం భారతకథను తలపించేదే. కోడిపోరు ద్యూతానికీ, ఏడేళ్ల ప్రవాసం అరణ్యవాసానికీ, అలరాజు ప్రయాణం రాయబారానికీ, బాలచంద్రుడి మరణం అభిమన్యు వధకూ సాటి అన్న పోలిక చాలాకాలంగా ప్రచారంలో ఉంది. నాగమ్మ ‘ఆడ శకుని’ అన్న ముద్ర కూడా ఈ పోలిక నుంచే వచ్చింది. నా దృష్టిలో ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. భారతంలో జూదానికి కూర్చున్నవాడు ధర్మరాజు, ఆ వేళకు ద్వారకాధీశుడు సభలో లేడు. పల్నాటిలో పందెం ఒప్పుకున్నవాడూ, ఓడినవాడూ, తరువాత యుద్ధాన్ని నడిపినవాడూ ఒక్కడే. ధర్మరాజు వ్యసనం, కృష్ణుడి మంత్రాంగం ఒకే మనిషిలో చేరాయి. అంతేగాక, గాథ బ్రహ్మనాయుడిని విష్ణ్వంశగా భావిస్తుంది. అవతారపురుషుడు చేసిన ఎత్తు లీల అవుతుంది. మేనమామ ఇంట పెరిగిన వితంతువు చేసిన ఎత్తు కుట్ర అవుతుంది. మన విమర్శలోనూ పదాలు ఈ తేడాను పాటించాయి. బ్రహ్మనాయుడి పనులకు ‘మంత్రాంగం’, ‘రాజనీతి’ అనీ, నాగమ్మ పనులకు ‘కుతంత్రం’, ‘కపటం’ అనీ వ్రాయడం పాఠ్యపుస్తకాలదాకా అలవాటైపోయింది. నేనూ విద్యార్థులకు చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

నాగమ్మకు అధికారం ఎట్లా వచ్చిందో గమనిస్తే ఈ పదభేదంలోని అన్యాయం తెలుస్తుంది. ఆమె స్వస్థలం కరీంనగర ప్రాంతపు ఆర్వెల్లి అనీ, మేనమామను ఆశ్రయించి జిట్టగామాలపాడు చేరిందనీ ప్రతీతి. వేటకు వచ్చి అలసిన నలగాముడి పరివారానికి ఆమె ఆతిథ్యమిచ్చిందట. రాజు వరం కోరుకొమ్మంటే ఆమె అడిగింది నగలూ మాన్యాలూ కావు, ఏడు గడియల మంత్రిపదవి. ఇది కల్పిత కథాంశమే కావచ్చు. అయినా ఈ కల్పన చేసినవారికి ఒక సంగతి స్పష్టంగా తెలుసు. దొడ్డనాయుడి కుమారుడైన బ్రహ్మనాయుడికి మంత్రిత్వం వంశానుగతం. నాగమ్మకు దొరకగలిగింది కొలిచి ఇచ్చిన కాలం మాత్రమే. ఆ కొలతను దాటి నిలవాలంటే ఎత్తుగడ తప్ప ఆమెకు వేరే సాధనం లేదు. దాదాపు ఒక శతాబ్దం తరువాత ఓరుగల్లు సింహాసనమెక్కిన రుద్రమదేవి రాజపుత్రిక. ఆమె కూడా శాసనాలలో రుద్రదేవ మహారాజుగా పురుషనామం ధరించవలసి వచ్చింది. నాగమ్మకు ఆ జన్మా లేదు, ఆ వేషమూ లేదు. ‘నాయకురాలు’ అన్న స్త్రీవాచకంతోనే ఆమె పదవిని నడిపింది, ఆ పేరుతోనే నింద కూడా మోసింది.

ఇలా అన్నంత మాత్రాన నాగమ్మను నిర్దోషిగా నిలబెట్టలేము. కోడిపోరులో మాయోపాయం ఉందన్నది అట్లా ఉంచినా, రాయబారిని చంపించడం ఏ నీతిశాస్త్రమూ సమ్మతించనిది. పైగా అలరాజు మరణం రాజుగారి కూతురు పేరిందేవికి వైధవ్యాన్ని, ఆపై సహగమనాన్ని తెచ్చింది. తానూ వైధవ్యం అనుభవించిన నాగమ్మ ఆ పని చేయించిందన్నది గాథలోకెల్లా కఠినమైన విషయం. ఇటీవల కొన్ని పునర్మూల్యాంకనాలు ఈ ఘట్టాన్ని తేలికగా దాటిపోతున్నాయి. దాటిపోతే మిగిలేది పాత్ర కాదు, ప్రశంసాపత్రం.

ఇక రెండవ పక్షం. బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు, మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు. మాల కులానికి చెందిన కన్నమదాసును పుత్రుడిగా స్వీకరించి సేనానాయకుడిని చేశాడు. కులభేదం లేకుండా ఒకే చాపపై అందరికీ అన్నం పెట్టిన ‘చాపకూడు’ ఆయన పేరుతోనే నిలిచింది. బాలచంద్రుడి సహచరులలో బ్రాహ్మణుడైన అనపోతు మొదలు పలు వృత్తికులాలవారు ఉన్నారు. ఆ కాలానికి ఇది ఎంత సాహసమో చెప్పడానికి సమకాలికమైన కల్యాణ నగరం ఉదాహరణ. అక్కడ బసవేశ్వరుడి ఉద్యమం కులపు గోడలను కదిపినందుకు రాజుతో వైరం తప్పలేదు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’ బిజ్జలుడిని హతమార్చిన జగద్దేవాదులను వీరభక్తులుగా కీర్తించింది. సోమనాథుడికి సందేహం లేదు, శివుడికోసం చేసిన హత్య భక్తే.

పల్నాటి గాథకు అంతటి నిశ్చయం లేదు. ఇదే దాని విశిష్టత అని నేను భావిస్తున్నాను. చాపకూడును సంస్కరణగా మాత్రమే చూస్తే కథలో సగం కనబడదు. ఒకే చాపపై తిన్నవారు ఒకరికోసం ఒకరు చావడానికి సిద్ధపడతారు. వంశబలం, సామంతబలం గురజాల వైపు ఉన్నప్పుడు, కులాల నడుమ పుట్టిన ఈ కొత్త సోదరత్వమే మాచర్ల సైన్యం. అంటే విశ్వాసం సమత్వాన్ని ఇచ్చింది, అదే చేత్తో యుద్ధభూమికి దారి కూడా చూపింది. గాథ లెక్కించే అరవై ఆరుగురు వీరనాయకులలో అన్ని కులాలవారూ ఉండడం గర్వకారణమే. వారంతా చనిపోయినవారన్న మాట కూడా ఆ లెక్కలోనే ఉంది. సమత్వం తొలిసారి సంపూర్ణంగా అమలైనది వీరుల గుడిలో, రాళ్ల వరుసలో.

ఆవేశం తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించిన తీరు మరింత ఆలోచింపజేస్తుంది. శ్రీనాథుడి పేర దొరికే మంజరీ ద్విపదలో బాలచంద్ర యుద్ధానిదే అగ్రస్థానం. బొంగరాల ఆటలో గాయపడిన స్త్రీ ఎత్తిపొడుపు అతడిని ఇంటినుంచి కదిలించింది. పెద్దల నడుమ సంధిమాటలు నడుస్తున్న వేళ అతడు పోరుకే మొగ్గాడు. అంటే యుద్ధం ఆగగల చివరి క్షణంలో దానిని ఆగనీయనిది నాగమ్మ ఎత్తుగడ కాదు, బాలుడి నిష్కల్మషమైన వీరావేశం. శ్రోతల కన్నీళ్లన్నీ ఆ బాలుడికే దక్కుతాయి గనుక ఈ ప్రశ్న గానసభలో వినబడదు. చదువుకునేటప్పుడు వినబడుతుంది.

ఆధునిక యుగంలో ఈ దోషవిభజనను కదిలించిన తొలివారిలో ఉన్నవ లక్ష్మీనారాయణను చెప్పుకోవాలి. 1921లో పల్నాడు అటవీ సత్యాగ్రహ సందర్భంలో ఆయన అరెస్టయ్యారు. రాయవెల్లూరు జైలులో ‘మాలపల్లి’ వ్రాశారు. ఆ మనిషే పల్నాటి కథను నాటకంగా వ్రాసి దానికి ‘నాయకురాలు’ అని పేరు పెట్టారు. చాపకూడును మెచ్చుకోవడానికి ‘మాలపల్లి’ కర్తకంటె తగినవారు ఉండరు. అయినా ఆయన నాటకానికి పేరిచ్చింది బ్రహ్మన్న కాదు, నాగమ్మ. పల్నాటి రైతులను కొత్త ప్రభుత్వపు చట్టాల ఎదుట చూసిన కన్నుకు, అధికారం చేతిలో లేనివారి ఎత్తుగడలు వేరుగా కనిపించి ఉంటాయని నా ఊహ. ఇది ఊహ మాత్రమే.

చలనచిత్రం మళ్లీ పాత పంపిణీకే మళ్లింది. ‘మాలపిల్ల’ను 1938లో తెరకెక్కించిన గూడవల్లి రామబ్రహ్మమే ‘పల్నాటి యుద్ధం’ మొదలుపెట్టారు. ఆయన మరణానంతరం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేయగా 1947లో విడుదలైంది. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే పేరుతో వచ్చిన చిత్రంలో ఆ పాత్రలు భానుమతి, ఎన్.టి. రామారావులవి. రెండుసార్లూ నాగమ్మ పాత్రకు అగ్రశ్రేణి నటి కావలసి రావడం గమనార్హం. సంభాషణలు ఆమెను దోషిగా నిలిపినా, ఆ గంభీరస్వరాలు ఆమెను చిన్నబుచ్చనీయలేదు.

గాథ ముగింపు పాఠభేదాల మయం. ఎక్కువగా వినబడే కథనంలో బ్రహ్మనాయుడు నాగమ్మను చంపించడు, నలగాముడినే తిరిగి పట్టాభిషిక్తుడిని చేసి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోతాడు. భక్తులకు ఇది అవతార సమాప్తి. చరిత్ర విద్యార్థికి మాత్రం చిక్కుప్రశ్న. రాజ్యం చివరికి నలగాముడిదే అయితే యుద్ధం దేనికి? మలిదేవుల వాటాకోసమా, అలరాజు పగకోసమా, చెన్నకేశవుడికోసమా? గాయకుడు ఈ ప్రశ్నను దాచలేదు, జవాబూ ఇవ్వలేదు. బ్రహ్మనాయుడిని చీకటి గుహలోకి పంపి ఊరుకున్నాడు. ధర్మం గెలిచిందని అనుకున్న కవి తన నాయకుడిని అట్లా పంపడు.

కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవాలు ఐదు రోజులవి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని వాటి పేర్లు. మందపోరునాడు చాపకూడు పెడతారు. మరునాడు కోడిపోరు. పూజలందుకునేది వీరుల ఆయుధాలే అయినా, ఆ నాలుగవ రోజు బరిలోకి నాగమ్మ పుంజు కూడా దిగాలి. అది లేనిదే ఉత్సవం సాగదు.