కూడికకు రాలేనివారు: డిప్రెషన్, క్రైస్తవ సంఘం, ఓల్నీ అనుభవం

డిప్రెషన్‌కూ క్రైస్తవ విశ్వాసానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన పరిశోధనల్లో అమెరికా నర్సుల అధ్యయనానికి ప్రత్యేకమైన బరువుంది. ఒకే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి చూడటం దాని బలం. 2016లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన విశ్లేషణ 89,708 మంది మహిళలను 1996 నుంచి 2010 వరకు పరిశీలించింది. వీరిలో అత్యధికులు క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు. వారానికి ఒకసారైనా ఆరాధనకు వెళ్లేవారిలో ఆత్మహత్యల రేటు, ఎన్నడూ వెళ్లనివారితో పోలిస్తే, సుమారు ఐదో వంతే. అదే ఏడాది టైలర్ వాండర్‌వీల్ బృందం 48,984 మంది గురించి ప్రచురించిన మరో వ్యాసం ప్రకారం, అందరికన్నా తరచుగా ఆరాధనకు వెళ్లేవారికి డిప్రెషన్ ముప్పు 29 శాతం తక్కువ.

ఈ రెండో వ్యాసంలో అంతగా చర్చకు రాని ఫలితం ఇంకొకటి ఉంది. డిప్రెషన్ వచ్చిన మహిళలు ఆ తర్వాత వారం వారం ఆరాధనకు వెళ్లడం తగ్గింది. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మందిరం మనిషిని కాపాడుతుందని చెప్పే అంకెలు మందిరం దాకా రాగలిగినవారివి. జబ్బు ముందుగా తెంపేది ఆ రాకపోకలనే. రావడం మానేసిన మనిషికి సంఘం ఏమవుతుంది?

ఇంగ్లండులోని ఓల్నీ అనే చిన్న ఊళ్లో 18వ శతాబ్దంలోనే ఈ ప్రశ్న ఎదురైంది. కవి విలియం కూపర్ (1731–1800) 1763లో ఆత్మహత్యకు ప్రయత్నించి, సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ నథానియేల్ కాటన్ నడిపే మానసిక చికిత్సాలయంలో చేరాడు. స్వస్థత, మారుమనస్సు రెండూ అతనికి అక్కడే కలిగాయి. 1767లో, భర్తను పోగొట్టుకున్న మేరీ అన్విన్‌ కుటుంబంతో కలిసి ఓల్నీకి వచ్చాడు. అక్కడి కాపరి జాన్ న్యూటన్ అతనికి ఆప్తమిత్రుడయ్యాడు. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల సంపుటి ఆ ఇద్దరిదే.

ఆ సంపుటి రాకముందే, 1773 జనవరిలో, కూపర్ మళ్లీ కుప్పకూలాడు. ఈసారి జబ్బు అతని విశ్వాసపు మాటలనే అతని మీదికి తిప్పింది. దేవుడు తనను శాశ్వతంగా విసర్జించాడని నమ్మాడు. ఆ తర్వాత బతికిన 27 ఏళ్లలో మళ్లీ ఆరాధనలో కూర్చోలేదు. విశ్వాసం గట్టిగా ఉంటే కుంగుబాటు రాదని బోధించేవారు ఈ జీవితాన్ని చదవాలి. కీర్తనలు రాసినవాడికి విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు?

ఆ ఏప్రిల్‌లో న్యూటన్ ఇంటికి చేరిన కూపర్ ఏడాదికి పైగా అక్కడే ఉండిపోయాడు. న్యూటన్ దంపతులు పొమ్మనలేదు. మేరీ తనను ద్వేషిస్తోందని అతను భ్రమపడినా, ఆమె రాత్రింబగళ్లు కనిపెట్టుకునే ఉంది. 1774లో కొంత తేరుకున్నాక, ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన కుందేలు పిల్లలను సాకాడు, వడ్రంగం చేశాడు, తోట పెంచాడు. 1785లో ‘ది టాస్క్’ అనే దీర్ఘకావ్యం వెలువరించాడు. దేవుడు విడిచాడన్న నమ్మకం మాత్రం చివరిదాకా పోలేదు. స్నేహితులు అతని మనసుకు పట్టిన ఆ నమ్మకాన్ని తీయలేకపోయారు. అయినా వారి నీడలో అతను బతికాడు, రాశాడు.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందుగా పెట్టినది రొట్టె, నీళ్లు. నిద్ర కూడా పోనిచ్చాడు. దేవుని ప్రశ్న ఆ తర్వాతే వచ్చింది. ఈ వరుస మన సంఘాల్లో తరచూ తారుమారవుతుంది. మందులు వాడటం అవిశ్వాసమని ఎవరో అంటారు. ఒప్పుకోని పాపమేదో ఉందని ఇంకొకరంటారు. ఆ మాటలు కూపర్ తనకు తాను చెప్పుకున్నవాటికి భిన్నం కావు. సైకియాట్రిస్టు దగ్గరికి తోడు వెళ్లడం, మాత్రలు వేసుకున్నారో లేదో చూడటం కూడా పరిచర్యే.

తెలుగు సంఘాలకు ఇంటికి వెళ్లే అలవాటు పాతదే. మిషన్ల కాలంలో గడప దాటలేని స్త్రీల దగ్గరికి బైబిల్ స్త్రీలు వెళ్లేవారు. గృహకూడికలు, స్త్రీల సమాజాలు నేటికీ ఉన్నాయి. ఇక్కడ జరగవలసిన పరిశోధన ఆదివారం హాజరు లెక్కతో సరిపెట్టుకోకూడదు. వరుసగా కొన్ని వారాలు కనబడని మనిషి ఇంటికి ఎవరైనా వెళ్లారా, ఎన్నాళ్లకు వెళ్లారు, వెళ్లి ఉపదేశించారా, అన్నం పెట్టారా అన్నది కూడా నమోదు చేయాలి.